పిల్లలతో ఉష్ణమండల దీవిలో ఒక రోజు: లగూనా, జలపాతమా, పడవా?

దీవికి వెళ్లిన కుటుంబానికి ప్రతి పొద్దునా ఎదురయ్యే ప్రశ్న: ఇవాళ ఎటు? ఫొటోలు చూసి తేలిస్తే పడవ ప్రయాణం, జలపాతం ముందుకొస్తాయి. బసకు పక్కనే ఉన్న లోతు తక్కువ తీరం, "చివరి రోజు చూద్దాంలే" అనే జాబితాలోకి పోతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే ఈ వరసను తిరగేయాలి. మా లెక్కలో మొదటి కొలత ఒకటే: ఇబ్బంది వస్తే మధ్యలో మానుకుని నీడకూ మంచినీళ్లకూ చేరడానికి ఎంతసేపు పడుతుంది?

పగడపు రాయి కోసుకున్న కాలు, ఎండకు వచ్చిన తలనొప్పి, వాంతి, నిద్ర కోసం ఏడుపు... పది నిమిషాల్లో గదికి చేరగలిగితే ఇవి మామూలు చికాకులే. అడవిలో గంట లోపలికి నడిచాక వస్తే అవే ఆ రోజంతటినీ మింగేస్తాయి. ఈ కొలతతో చూస్తే లగూన్ తీరం, అంటే పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య లోతు తక్కువ నీళ్లున్న చోటు, అన్నిటికంటే సులువు. తర్వాత, పాటు సమయంలో (సముద్రపు నీరు వెనక్కి తీసినప్పుడు) రాళ్ల మధ్య నిలిచే నీటి గుంటలు, మడ అడవి. అడవి దారిలో ఎంత దూరం లోపలికి పోతే అంత దూరం వెనక్కి నడవాలి. జలపాతానికి అదనంగా జారుడు. పడవలోనైతే మానుకోవడం మీ చేతిలోనే ఉండదు.

ముందు గాలి సంగతి

చోటు ఎంచుకునే ముందు దీవికి ఏ వైపు ఉండాలో తేల్చుకోండి. ఉష్ణమండలంలో ఏడాదిలో ఎక్కువ కాలం వ్యాపార పవనాలు వీస్తాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఇవి ఈశాన్యం నుంచి, దక్షిణాన ఆగ్నేయం నుంచి వస్తాయి. కొండలున్న దీవిలో గాలి తగిలే వైపు మబ్బు, వాన, పెద్ద అలలు. కొండకు అవతల ఎండ, పొడి నేల, కాస్త నిదానమైన సముద్రం. హవాయిలోని కవాయి దీవిలో వయాలెయాలె శిఖరం మీద ఏడాదికి సుమారు 10 మీటర్ల వాన పడుతుంది. అక్కడికి ముప్పై కిలోమీటర్లలోపే ఉన్న పడమటి తీరంలో పడేది అర మీటరు. కాబట్టి బస దగ్గర వాన పడుతుంటే రోజు పోయిందనుకోకండి, కొండకు అవతలి తీరం సంగతి చూడండి.

రుతుపవనాలున్న చోట మంచి వైపు కాలాన్ని బట్టి మారుతుంది. థాయిలాండ్‌లో ఫుకెట్ పడమటి తీరాల్లో మే నుంచి అక్టోబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. తూర్పు వైపు థాయిలాండ్ గల్ఫ్‌లోని సముయి దీవికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. పిల్లలతో జూలైలో వెళ్లేవారికి సముయి మేలు, జనవరిలోనైతే ఫుకెట్.

గాలి చాటు తీరంలో ఒక మోసం ఉంది. అక్కడ గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపించడానికి కారణం అదే. పిల్లవాడు గాలి నింపిన రబ్బరు బాతు మీదో రింగులోనో కూర్చుంటే అదే గాలి వాడిని బయటి సముద్రంలోకి తోసుకుపోతుంది. పెద్దవాళ్లు ఈదుకుంటూ పోయి అందుకోలేనంత వేగంగా పోతుంది. ఒడ్డున నిలబడి గుప్పెడు పొడి ఇసుక వదలండి. అది నీటివైపు ఎగిరితే ఆ రోజు గాలి బొమ్మలు నీళ్లలోకి దించకూడదు, ఎంత ఏడ్చినా సరే. చేతులకు తొడిగే గాలి తిత్తులు కూడా ఆట వస్తువులే, ప్రాణరక్షణకు పనికిరావు.

లగూన్ తీరమా, తెరిచిన తీరమా

లగూన్ బలం పగడపు దిబ్బలో ఉంది. బయటి అలలు దిబ్బ మీద విరిగిపోతాయి, లోపల మోకాలి లోతు నీళ్లు మిగులుతాయి. రెండేళ్ల పిల్లలకూ ఈత రాని పెద్దలకూ ఇంతకన్నా మంచి చోటు లేదు. చెడేది రెండు చోట్ల.

మొదటిది సమయం. బాగా పాటు మీద వెళ్తే పగడం పైకి తేలి ఉంటుంది, నీళ్లు చీలమండ దాటవు, ఎండకు వేడెక్కి ఉంటాయి, కాళ్లు తెగుతాయి. పోటు సగం వచ్చాక దిగితే అన్నిటికీ బాగుంటుంది. ఆటుపోట్ల పట్టిక ఫోన్లోనే దొరుకుతుంది. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. నిన్న 9 గంటలకు బాగున్న నీళ్లు మూడు రోజుల తర్వాత అదే వేళకు అలా ఉండవు. నీరు ఒకే వేగంతో పెరగదు కూడా. ఆరు గంటల్లో వచ్చే మొత్తం పెరుగుదలను పన్నెండు భాగాలు చేస్తే గంట గంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాలు వస్తాయి. అంటే సగం నీరు నడిమి రెండు గంటల్లోనే వస్తుంది. పాటులో ఇసుక తిన్నె మీదుగా చిన్న దీవికి నడిచివెళ్లినవాళ్లు ఇరుక్కుపోయేది ఈ రెండు గంటల్లోనే.

రెండోది దిబ్బలోని ఖాళీ. దిబ్బ మీదుగా లోపలికి దూకిన నీరంతా బయటికి పోవలసింది ఆ ఖాళీ గుండానే. నీరు తీసే వేళ అక్కడ లాగుడు గట్టిగా ఉంటుంది. ఉపగ్రహ పటంలో లేత నీలం మధ్య ముదురు నీలం పాయగా కనిపిస్తుంది, పడవలు వచ్చిపోయే దారీ అదే. స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకున్న పిల్లలు తల దించి చేపల వెంట అటువైపే జరిగిపోతారు. అడుగున తెల్లటి ఇసుక కనిపించినంత మేరే తిరగాలని హద్దు పెట్టండి. వాళ్లకు కళ్లూ ముక్కూ మాత్రమే కప్పే మామూలు మాస్కు, విడి గొట్టం చాలు. ముఖమంతా కప్పే మాస్కులో వదిలిన ఊపిరి నిలిచిపోయే అవకాశం ఉంది, నీళ్లు చేరితే పిల్లలు త్వరగా తీసేసుకోలేరు.

పగడపు దిబ్బ అడ్డు లేని తెరిచిన తీరం ఎంచుకునేది రక్షకులు (లైఫ్‌గార్డులు) ఉన్నప్పుడే, అదీ ఎరుపు పసుపు జెండాల మధ్యే. ఎర్ర జెండా ఉంటే వేరే చోటికి పోవడమే. దిగేముందు పది నిమిషాలు కాస్త ఎత్తయిన చోటు నుంచి నీళ్లను చూడండి. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, ముదురు రంగులో ఉంటే, నురుగు అక్కడి నుంచి సముద్రంలోకి కదులుతుంటే అది రిప్ కరెంట్, ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం. విడ్డూరం ఏమిటంటే కొత్తవాళ్లు అలలు లేవని సరిగ్గా అక్కడే పిల్లల్ని దింపుతారు. సాధారణంగా దాని వేగం సెకనుకు 30 నుంచి 60 సెంటీమీటర్లు, ఒక్కోసారి రెండున్నర మీటర్ల దాకా. అంత వేగానికి ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు. చిక్కితే తేలుతూ చెయ్యి ఊపాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ పక్కకు తప్పుకోవాలి.

ఇసుక నిటారుగా ఉన్న తీరాల్లో మరో ప్రమాదం: అల నీళ్లలో కాకుండా నేరుగా ఇసుక మీద విరుగుతుంది. రెండడుగుల అలే కదా అనిపిస్తుంది. అది మనిషిని తలకిందులుగా ఇసుకకేసి కొడితే మెడ విరగవచ్చు. ఒడ్డున కాళ్లు తడుపుకునే పిల్లలను కూడా తిరిగి వెళ్లే నీరు లాగేస్తుంది. అలాంటి తీరం చూడ్డానికే బాగుంటుంది, దిగడానికి కాదు.

ఎక్కడైనా ఐదేళ్లలోపు పిల్లలు చెయ్యి చాపితే అందాలి. మునిగేవాళ్లు కేకలు వేయరు, నీళ్లు కొట్టరు. చప్పుడు లేకుండా పోతారు. పెద్దవాళ్లు నలుగురున్నప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. "ఇప్పుడు నా వంతు" అని నోటితో చెప్పి, ఫోన్ పక్కన పెట్టి, 20 నిమిషాలకొకరు మారండి.

ఎండ లెక్క

లగూన్‌లో పిల్లలు గంటల తరబడి ఉంటారు గనుక ఎండ దెబ్బ ఎక్కువగా తగిలేదీ అక్కడే. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం అతినీలలోహిత సూచీ తరచుగా 11 దాటుతుంది. తెల్ల ఇసుక ఆ కిరణాల్లో 15 శాతం దాకా, నురుగు 25 శాతం దాకా తిప్పి కొడతాయి. అర మీటరు లోతు నీళ్లలో కూడా 40 శాతం తీవ్రత మిగిలే ఉంటుంది. నీళ్లలో చల్లగా ఉందంటే చర్మం కాలడం లేదని కాదు. గడియారం లేకపోయినా సరే, మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే నీళ్లలోంచి బయటికి రావాల్సిన వేళ.

సన్‌స్క్రీన్‌ను అందరూ తక్కువే రాస్తారు. పెద్దవాళ్లకు ఒంటికంతా ఒక్కసారికి సుమారు 30 మిల్లీలీటర్లు, ఐదేళ్ల పిల్లలకు అందులో సగం కావాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు ఒక్క పూతకే 90 మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్ల ట్యూబు ఒక్క పూతకే దాదాపు ఖాళీ. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. అందుకే పూత కన్నా బట్ట మేలు: యూపీఎఫ్ 50 అని ఉన్న పూర్తి చేతుల ఈత చొక్కా కిరణాల్లో 2 శాతమే లోపలికి పోనిస్తుంది, ముఖం, కాళ్లు, చేతి వేళ్లకే పూత సరిపోతుంది. ఆరు నెలల్లోపు పసివాళ్లకు నీడ, బట్టలే రక్ష. కొనేముందు డబ్బా వెనక పేర్లు చదవండి: ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని హవాయి 2021లో ఆపేసింది, పసిఫిక్‌లోని పలావు దేశంలో 2020 నుంచి పగడానికి హాని చేసే రకాలపై నిషేధం ఉంది. జింక్ ఆక్సైడ్ రకం తీసుకుంటే చాలాచోట్ల పేచీ ఉండదు.

నీడ కోసం కాయలున్న కొబ్బరి చెట్టు కింద కూర్చోకండి. కరీబియన్ దీవుల్లోనైతే మాంచినీల్ అనే చెట్టును గుర్తుపట్టాలి. చిన్న ఆపిల్ లాంటి పచ్చటి కాయలు, చాలాచోట్ల బోదెకు ఎర్ర పట్టీ. దాని పాలు తగిలితే బొబ్బలెక్కుతాయి, వానలో దాని కింద నిలబడినా అంతే.

నీటి గుంటలు, మడ అడవి

ఈతంటే భయపడే పిల్లలకు రాళ్ల గుంటలు మంచి ఎంపిక. పూర్తి పాటుకు గంటన్నర ముందు చేరి, నీరు తిరగగానే వెనక్కి రావాలి. మడమ మూసిన రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి, చెప్పులు నాచు మీద జారి ఊడిపోతాయి. పిల్లలు తప్పకుండా గవ్వలు ఏరతారు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో కోన్ శంఖం అనే అందమైన గవ్వ జాతి ఉంది. లోపల ప్రాణముంటే సూదిలాంటి పంటితో విషం ఎక్కిస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. "చూడొచ్చు, తీయకూడదు, జేబులో వేయకూడదు" అన్న నియమం గవ్వలన్నిటికీ పెడితే తికమక ఉండదు.

మడ అడవిలో చెక్క వంతెన నడక ఉంటే చంకబిడ్డతో కూడా వెళ్లొచ్చు. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) అయితే పోటు మీద బయలుదేరి నీరు నిండే వేళకు తిరుగు ముఖం పట్టండి, ఆలస్యమైతే బురదలో ఆగిపోతుంది. తెల్లవారుజామున, సంధ్యవేళ కంటికి సరిగా ఆనని ఇసుక ఈగలు పీక్కుతింటాయి. అందుకని ఇక్కడికి మాత్రం నడి ఉదయమే మంచిది.

జలపాతమా, అడవి నడకా

రెండిట్లో చిన్న పిల్లలకు మేము అడవి నడకే చెబుతాం. జలపాతం చేరేదాకా ఒకటే గమ్యం, మధ్యలో ఆగితే "ఏమీ చూడలేదు" అనిపిస్తుంది, దాంతో ఆపాల్సిన చోట ఆపరు. అడవి దారిలో ఎక్కడ వెనక్కి తిరిగినా ఆ నడక నడకే.

బోర్డుల మీద రాసిన సమయం పెద్దవాళ్లది, దాన్ని రెట్టింపు చేయండి. ఐదేళ్ల పిల్లలు గుట్టల దారిలో గంటకు కిలోమీటరు, మహా అయితే కిలోమీటరున్నర నడుస్తారు. నీళ్ల బరువు ముందే లెక్కేయండి: పెద్దవాళ్లకు గంటకు అర లీటరు, పిల్లలకు 300 మిల్లీలీటర్లు అనుకుంటే నలుగురికి మూడు గంటలకు సుమారు ఐదు లీటర్లు, అంటే ఐదు కిలోలు. నడవనని మొరాయించిన పిల్లను ఎత్తుకునేది కూడా అదే వీపు. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు నీళ్లు పట్టకండి, పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి.

ఉష్ణమండలంలో సంధ్య వెలుగు ఎక్కువసేపు ఉండదు. సూర్యుడు దిగాక ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి, చెట్ల కింద ఇంకా ముందే. పొద్దున ఏడున్నరకు బయలుదేరి, ఎక్కడున్నా సరే పదింటికి వెనక్కి తిరగాలని ముందే చెప్పుకోండి.

జలపాతానికే వెళ్తామంటే పైన కొండ మీద వాన లేదని చూసుకోండి. మీ నెత్తిన ఎండ ఉన్నా పైన కురిసిన వాన కాసేపట్లో కిందికి వస్తుంది. నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, చప్పుడు మారడం... వీటిలో ఒక్కటి కనిపించినా సామాను వదిలి పైకి ఎక్కాలి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లున్నా పెద్దవాళ్లను పడగొడుతుంది. తిరిగొచ్చే దారిలో వాగు దాటాల్సిన జలపాతాలను ఈ ఒక్క కారణానికే పిల్లలున్నవారు పక్కన పెట్టాలి. సరిగ్గా ధార కింద నిలబడకండి, నీటితో పాటు రాళ్లూ పడతాయి.

ఆ మంచినీటి మడుగుల్లో ఎలుకలు, పందుల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం సోకుతుంది. మోకాలి గీతలు మానని పిల్లలను దింపకండి, నీళ్లు నోట్లోకి పోకుండా చూడండి. నెల రోజుల్లోపు జ్వరం వస్తే మడుగులో దిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదం ఉంది.

అడవిలోనూ బసలోనూ దోమలు పగలు కూడా కుడతాయి, డెంగీ మోసే ఏడిస్ దోమ ఎక్కువగా కుట్టేది పొద్దున్న, సాయంత్రపు వేళల్లో. రెండు నెలలు దాటిన పిల్లలకు డీట్ అనే రసాయనం 30 శాతం మించని దోమల మందు వాడొచ్చు. లెమన్ యూకలిప్టస్ నూనె రకం మూడేళ్లలోపు వద్దు. ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దోమల మందు. రెండూ కలిపి ఉన్న సీసా కొనకండి. సన్‌స్క్రీన్ మళ్లీ మళ్లీ రాయాలి, దోమల మందును అన్నిసార్లు రాయకూడదు.

పడవ

ఒకసారి ఎక్కాక నాలుగు గంటలైనా ఆరు గంటలైనా మిగతా ప్రయాణికుల లెక్కే మీ లెక్క. సముద్రపు వికారం రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకే ఎక్కువ. రెండేళ్లలోపు పిల్లలకు అరుదు, కానీ వాళ్లకు సరిపోయే లైఫ్ జాకెట్ చాలా పడవల్లో ఉండదు. ఏడాది నిండని బిడ్డతో పడవ షికారు మానుకోవడమే మంచిది.

ఎక్కాల్సి వస్తే పొద్దుటి మొదటి పడవ ఎక్కండి. ఎండ ముదిరేకొద్దీ గాలి లేస్తుంది, తిరుగు ప్రయాణమే కుదుపుగా ఉంటుంది. బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు: మా పిల్లల బరువుకు జాకెట్ ఉందా, నీడ ఉందా, మొదటి ఆగుడు ఎంతసేపటికి? ముప్పావుగంట దాటితే ఇంకొకటి వెతకండి. జాకెట్ తొడిగి బకిల్స్ బిగించి భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. చెవుల దాకా జరిగితే అది పెద్దది. చిన్నవాళ్లకు కాళ్ల మధ్య పట్టీ ఉండాలి.

స్పీడ్‌బోటులో ముందు సీటు పిల్లలకు సరదా, వెన్నుకు మాత్రం దెబ్బ. గర్భిణులు దాన్ని మొత్తంగా మానుకోవాలి. మధ్యకు కాస్త వెనగ్గా కూర్చోబెట్టి దూరంగా గీతలా కనిపించే సముద్రపు అంచును చూపించండి. అడుగున అద్దమున్న పడవ పిల్లలకు బాగుంటుందని అందరూ చెబుతారు. కిందికి చూస్తూ ఊగడం వికారాన్ని పెంచుతుంది, దానికన్నా లగూన్‌లో మాస్కుతో పది నిమిషాలు నయం. వికారం మందు వాడితే డాక్టరు చెప్పిన మోతాదులో, ముందు ఇంటి దగ్గర ఒకసారి ఇచ్చి చూడండి. కొందరు పిల్లలు దానికి నిద్రపోవడానికి బదులు చిందులేస్తారు.

కుట్టినప్పుడు

ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ ముల్లు, టేకు చేప, రాతి చేప, ఇవి గుచ్చితే వేడినీళ్లే మొదటి చికిత్స: 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర. పిల్లల చర్మం కాలకుండా ముందు పెద్దవాళ్లు చెయ్యి పెట్టి చూసుకోవాలి. పెట్టె ఆకారపు బాక్స్ జెల్లీఫిష్‌కు వెనిగర్. నీలి బుడగతో తేలే బ్లూబాటిల్‌కు సముద్రపు నీళ్లతో కడిగి 20 నిమిషాలు వేడినీళ్లు. మంచినీళ్లు పోయకండి, ఇసుకతో రుద్దకండి. హవాయి దక్షిణ తీరాలకు బాక్స్ జెల్లీఫిష్ పౌర్ణమి తర్వాత ఎనిమిది నుంచి పది రోజులకు వస్తాయి, అక్కడికి వెళ్లేవారు ఆ తేదీలు చూసుకుని ఆ రోజు అడవి నడక పెట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోయినా, వాపు ముఖానికి పాకినా ఇవేవీ చూడకుండా ఆస్పత్రికి.

వయసును బట్టి

రెండేళ్లలోపు: పొద్దున 7 నుంచి 9 దాకా లగూన్, నడి ఉదయం చెక్క వంతెన నడక, మధ్యాహ్నం నిద్ర. ఇసుకలో బండి నడవదు, ఒంటికి కట్టుకునే సంచి తీసుకెళ్లండి. మూడు నుంచి ఆరేళ్లకు లగూన్, నీటి గుంటలు, గంటన్నర మించని అడవి దారి. ఏడు దాటి, ఈత వచ్చిన పిల్లలకు రక్షకులున్న తెరిచిన తీరం, చిన్న పడవ, వానలు లేని కాలంలో జలపాతం. ఏ వయసైనా వండిన తిండి 32 డిగ్రీల పైన గంటకు మించి బయట ఉంటే పారేయాల్సిందే.

పదేళ్ల వాడూ రెండేళ్లదీ ఒకే ఇంట్లో ఉంటే అందరూ కలిసే వెళ్లాలన్న పట్టుదల వదిలేయండి. ఒకరు పెద్దవాడితో పడవెక్కితే మరొకరు చిన్నదానితో లగూన్‌లో ఉంటారు, మర్నాడు మారతారు. కారు తాళం, మందుల సంచి మాత్రం ఎప్పుడూ చిన్నపిల్ల ఉన్నవైపే ఉండాలి.